రోటరీ యంత్రానికి ఏ తరగతి?

చిక్కడపల్లి నుండి బయలుదేరి, అశోక్‌నగర్ మీదుగా ఇందిరాపార్కు దాటి, దిగువ ట్యాంక్‌బండ్ చేరి కట్ట ఎక్కిన వారికి హుస్సేన్‌సాగర్ కనిపిస్తుంది. పదహారవ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలమున త్రవ్వించిన ఈ చెరువు మీద నేడు తెరచాప పడవల పందేలు జరుగుతున్నవి. గట్టున నిలబడి చూసేవానికి అన్ని పడవలూ ఒక్క తీరుగానే తోచును. ఆ పోలిక యాదృచ్ఛికము కాదు. లేజర్ అనే జాతి పడవ పొడవు 4.23 మీటర్లు, దాని పెద్ద తెరచాప వైశాల్యం 7.06 చదరపు మీటర్లు. అంతకు మించి ఒక్క వేలెడు గుడ్డ కలిపినా ఆ పడవ పందెమునకు పనికిరాదు. శరీరబరువు తక్కువ గలవారికి అదే పడవ మీద చిన్న తెరచాప కట్టుకొనే వీలున్నది. అయితే అది వేరే తరగతి.

దీనినే తరగతి నియమము అంటారు. ఇది మన విద్యార్థులకు కొత్త మాట కాదు. అశోక్‌నగర్ శిక్షణాలయాల చుట్టూ తిరిగేవారు గానీ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో తెల్లవారినది మొదలు కుర్చీ కోసం కాచుకొని ఉండేవారు గానీ దరఖాస్తు పత్రంలో ముందుగా చదివేది అర్హతల పట్టికనే. వయసు ఏ తేదీ నాటికి లెక్కించవలెను అనే ఒక్క వాక్యం మీద ఒకని సంవత్సరపు శ్రమ నిలబడవచ్చును, కూలిపోవచ్చును. పందెపు పడవలకు కూడా అటువంటి ఒక వాక్యమున్నది. ఆ వాక్యానికి లొంగక తిరుగుబాటు చేసిన ఒక యంత్రం కథ ఈ వ్యాసానికి విషయము.

తెరచాప పడవలో గాలి అందరికీ ఒక్కటే. ఇంజను పడవలో అట్లు కాదు. ఎవరి ఇంజను ఎంత గాలిని, ఇంధనాన్ని మింగగలదో అంత బలము. కాబట్టి ఇంజను లోపలి గది పరిమాణాన్ని ఘన సెంటీమీటర్లలో కొలిచి, అనగా మనము వాడుకగా సి.సి. అనే లెక్కలో, పోటీదారులను విభజించుట ఆచారమైనది. అమెరికన్ పవర్ బోట్ అసోసియేషన్ 1903లోను, అంతర్జాతీయ సంస్థయైన యు.ఐ.ఎం. 1922లోను ఏర్పడినవి. ఉభయులూ ఈ కొలబద్దనే ప్రధానంగా నమ్ముకున్నారు.

ఈ కొలబద్ద పైకి కనిపించినంత నికరమైనది కాదు. నారాయణగూడ చౌరస్తా ప్రక్కన ఏ మెకానిక్కు షెడ్డులోనైనా ఈ మాట అడిగి చూడవచ్చును. 1985లో మన దేశంలో రెండు మోటారు సైకిళ్ళు వచ్చినవి. ఒకటి యమహా ఆర్.ఎక్స్. 100, దాని కొలత 98 సి.సి. రెండవది హీరో హోండా సి.డి. 100, దాని కొలత 97 సి.సి. పైచిలుకు. కొలతలో ఇవి కవలలు. బలంలో మొదటిది సుమారు 11 అశ్వశక్తి, రెండవది ఏడుకు కొంచెం పైన. కారణము సులభమే. మొదటిది టూ స్ట్రోకు ఇంజను. షాఫ్టు తిరిగిన ప్రతి చుట్టులోనూ దాని సిలిండరులో ఒకసారి మంట అంటుకొనును. రెండవది ఫోర్ స్ట్రోకు. దానిలో రెండు చుట్లకు ఒకసారి మాత్రమే. పెట్రోలు ఖర్చు దగ్గర ఈ లెక్క తలక్రిందులై, రెండవ బండియే ఇంటింటికీ చేరినదన్నది వేరే సంగతి. మనకు కావలసినది ఇంతే: సి.సి. అనేది గది పరిమాణమును చెప్పును గాని, ఆ గది గంటకు ఎన్నిసార్లు నిండి ఖాళీ అవుతున్నదో చెప్పదు.

ఇక అవుట్‌బోర్డు ఇంజను సంగతి. పడవ కడుపులో కాక వెనుక అంచున తగిలించి, అవసరమైనప్పుడు ఊడదీసి భుజాన వేసుకొని పోగల ఇంజను ఇది. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో దీనిని వ్యాపారానికి తెచ్చినాడు. ఆయన పేరు మీద వచ్చిన ఎవిన్‌రూడ్, దాని తోబుట్టువైన జాన్సన్ కాలక్రమాన అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ అనే ఒకే కంపెనీ క్రిందికి వచ్చినవి. ఈ ఇంజనులో షాఫ్టు నిలువుగా ఉండును. క్రింద నీటిలో పంఖా తిరుగును. తేలికగా ఉండవలెను గనుక ఆ కాలమున ఇవి దాదాపు అన్నీ టూ స్ట్రోకులే. ఈ చివరి మాటను పాఠకులు గుర్తు పెట్టుకొనవలెను. తగవు అంతా దానిలోనే ఇమిడి ఉన్నది.

జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన ప్రకారం ఎన్.ఎస్.యు. కంపెనీలో తయారైన రోటరీ ఇంజను 1957లో మొదటిసారి తిరిగినది. దానిలో పిస్టను లేదు. పైకి క్రిందికి పోయే భాగమే లేదు. రెండు గింజల వేరుశనగకాయను నిలువుగా కోసిన ఆకారంలో ఒక గది ఉండును. నడుము దగ్గర కొంచెం నొక్కుకొని ఉండే ఆ గదిలో ఉబ్బెత్తు ప్రక్కలు గల ఒక ముక్కోణపు దిమ్మె తిరుగును. దానినే రోటరు అంటారు. అది తన చుట్టూ తాను తిరుగుతూనే, షాఫ్టు మీద కేంద్రానికి ఎడముగా అమర్చిన గుండ్రని దిమ్మె మీద ఊగుతూ పోవును. దాని మూడు మూలలూ ఏ క్షణంలోనూ గోడను విడువవు. అందువలన రోటరు ప్రక్కలకూ గోడకూ నడుమ ఎల్లప్పుడు మూడు అరలు ఏర్పడి, ఒక్కొక్కటి పెరుగుతూ తరుగుతూ ఉండును. ఒక అర గాలిని పీల్చుకొనుచుండగా, మరొకటి బిగించుచుండును. మూడవ దానిలో మంట విస్తరించి పొగ వెళ్ళిపోవుచుండును. కవాటములు లేవు. గోడలోనే చేసిన రంధ్రముల మీదుగా రోటరు జరిగిపోవుటే మూయుటా తెరచుటా.

ఇందులో ఒక చిత్రమైన నిష్పత్తి ఉన్నది. పళ్ళచక్రముల అమరిక వలన రోటరు ఒకసారి పూర్తిగా తిరిగేసరికి షాఫ్టు మూడుసార్లు తిరుగును. రోటరుకు ప్రక్కలు మూడు. ఒక్కొక్క ప్రక్క ఆ ఒక్క పరిభ్రమణంలో ఒకసారి మంట అందుకొనును. అనగా షాఫ్టు చుట్టు ఒక్కింటికి ఒక మంట. ఈ ఒక్క వాక్యాన్ని మనసున పట్టించుకొన్నవారు తక్కిన తగవును తామే తీర్చగలరు.

అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 1966లో అమెరికాలోని కర్టిస్-రైట్ సంస్థ నుండి ఈ ఇంజను తయారు చేసే అనుమతి కొన్నది. 1970ల తొలినాళ్ళలో మంచు మీద నడిచే బండ్లకు 528 సి.సి., 35 అశ్వశక్తి గల ఒంటి రోటరు ఇంజను తయారు చేసి అమ్మినది. 1973లో నాలుగు రోటర్లను ఒకే నిలువు షాఫ్టు మీద ఒకదానిపై ఒకటి పేర్చిన పందెపు అవుట్‌బోర్డును నీటికి దింపినది. చుట్టూ నీరే గనుక చల్లబరచుటకు కొరత లేదు, ఊగులాట లేదు, అరుపు మాత్రం చెవులు చిల్లులు పడునంత. అప్పటి వరకు పిస్టనులను లెక్క పెట్టుటకు అలవాటుపడిన పరిశీలకుల ముందు ఒక ప్రశ్న నిలిచినది: దీని కొలత ఎంత?

ప్రశ్నకు సమాధానములు మూడు ఉన్నవి. మూడూ గణితం ప్రకారం సరియైనవే!

ఆ మంచుబండి రోటరు కొలతనే తీసుకొందము. ఒక్క అర మిక్కిలి పెరిగినప్పటి పరిమాణము నుండి మిక్కిలి తరిగినప్పటి పరిమాణమును తీసివేయగా 528 సి.సి. వచ్చును. తయారీదారు చెప్పేది ఇదే. కాని రోటరుకు అరలు మూడున్నవి గదా అని ప్రతిపక్షం వారు అందురు. మూడు సిలిండర్ల ఇంజనుకు మూడింటినీ కలుపుతారు గనుక దీనికీ కలిపితే 1584 సి.సి. మూడవ పక్షము వారు మధ్యే మార్గమున పోయి, ఫోర్ స్ట్రోకు ఇంజను రెండు షాఫ్టు చుట్లలో తన పని పూర్తి చేయును గనుక, రోటరీ కూడ రెండు చుట్లలో ఎంత పీల్చునో చూడుమందురు. రెండు చుట్లలో రెండు అరలు నిండును. కనుక 1056 సి.సి. ఈ లెక్కలనే నాలుగు రోటర్లకు పెంచి చూచినచో 2112, 4224, 6336 అనే మూడు అంకెలు వచ్చును. ఒకే ఇనుప ముద్ద రెండు లీటర్ల తరగతి అంచునా నిలబడుచున్నది, ఆరు లీటర్ల రాక్షసిగానూ కనిపించుచున్నది. యంత్రం మారలేదు, తరాజు మారినది. మన ఉర్దూ విభాగపు మిత్రులు ఈ సందర్భంలో ఇన్సాఫ్ అనే మాటను జ్ఞాపకం చేసుకుంటారేమో. తూచే రాయి ఏదో ముందు తేలవలెను గదా!

మోటారు కార్ల లోకంలో ఈ తగవు మధ్యే మార్గమున సాగినది. జపాను ప్రభుత్వం రోటరీ కారుకు పన్ను వేసేటప్పుడు దాని కొలతను ఒకటిన్నర రెట్లుగా లెక్క కట్టినది. కార్ల పందేలలో కొన్నిచోట్ల రెట్టింపు, కొన్నిచోట్ల అంతకు తక్కువ. 1991లో ఫ్రాన్సులోని లెమాన్స్ ఇరవైనాలుగు గంటల పందెంలో మాజ్డా 787బి కారు గెలిచినది. దాని ఇంజనులో నాలుగు రోటర్లు. ఒక్కొక్క అర 654 సి.సి. చొప్పున మొత్తం 2616, సంస్థ చెప్పే లెక్క కూడ సుమారుగా అంతే. ఆ గెలుపుకు కారణము రోటరీ బలం ఒక్కటే కాదు. నియమాల ప్రకారం ప్రత్యర్థులైన జాగ్వారు, మెర్సిడిస్ కార్లు 1000 కిలోల బరువు మోయవలసి ఉండగా మాజ్డాకు 830 కిలోలే చాలినవి. గెలిచినందువలన కక్షతో రోటరీని నిషేధించినారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. అది నమ్మదగినది కాదు. ఆ తరగతికి మూడున్నర లీటర్ల పిస్టను ఇంజనులే ఉండవలెననే నిర్ణయం అంతకు ముందే జరిగినది.

కారు నియమాన్ని ఎత్తుకొచ్చి పడవకు అతికించుట మాత్రం అన్యాయమని నా అభిప్రాయము. రెట్టింపు లెక్క ఎందుకు పుట్టినది? కార్ల పందెంలో ఎదుటివాడు ఫోర్ స్ట్రోకు గనుక. అవుట్‌బోర్డుల మధ్య ఎదుటివాడు టూ స్ట్రోకు. 528 సి.సి. గల టూ స్ట్రోకు సిలిండరు ఒక షాఫ్టు చుట్టులో ఒకసారి నిండి ఒకసారి మండును, 528 సి.సి. గల రోటరు అర సైతం ఒక షాఫ్టు చుట్టులో ఒకసారే. పైన చెప్పిన ఆర్.ఎక్స్. 100ను తలచుకొన్న విద్యార్థికి ఇది వెంటనే తెలియును. కనుక అవుట్‌బోర్డుల లోకంలో రోటరుకు న్యాయమైన లెక్క ఒక రెట్టే, అనగా తయారీదారు చెప్పిన అంకెయే. ప్రతిపక్షము వారి వాదంలో పస లేకపోలేదు: టూ స్ట్రోకు ఇంజనులో కొత్త ఇంధనంలో కొంత మండకుండానే పొగతో కలిసి వెళ్ళిపోవును, రోటరీలో ఆ నష్టం తక్కువ. దానికి ఐదో పదో వంతులు కలుపుడని అడిగితే వినవచ్చును. రెట్టింపు మాత్రం కూడదు.

ఆ కాలములో ఈ చిక్కును విప్పకుండా ప్రక్కకు పెట్టుటకు ఒక దారి దొరికినది. కొలతకు పైపరిమితి లేని తరగతిలో రోటరీని దింపినారు. అక్కడ ఎవరూ ఎవరినీ తూచరు. పందెంలో అది వేగమైనదేనని తేలినది. అయినా ఆ పందెపు రోటరీ అంగడికి రాలేదు. 1973 చివర చమురు సంక్షోభము వచ్చి పెట్రోలు తాగే యంత్రాలన్నింటి మీదా జనానికి అనుమానము పుట్టినది. రోటరు మూలల వద్ద గోడను అంటిపెట్టుకొని ఉండవలసిన సన్నని పట్టీలు త్వరగా అరిగిపోవుట కూడ పేరుబడిన లోపమే. ఆ పట్టీల మూలంగానే ఎన్.ఎస్.యు. వారు తమ రో 80 కారు కొన్నవారికి ఇంజనులు మార్చి మార్చి ఇచ్చి ఆర్థికంగా క్రుంగిపోయినారు.

తరగతి నియమమును తప్పించుకొనుటకు పరిమితి లేని తరగతి ఉండనే ఉన్నదిగదా అని కొందరు అనవచ్చును. ఆ దారి ఎక్కడికి పోవునో తరువాతి దశాబ్దము చూపినది. 1980ల ఆరంభంలో ఇదే కంపెనీ మూడున్నర లీటర్ల వి-8 పిస్టను అవుట్‌బోర్డును ఆ పైపరిమితి లేని తరగతికి తెచ్చినది. రెండు లీటర్ల మెర్క్యురీ ఇంజనులు నడిపేవారు దానితో పోటీపడలేక, ప్రాణభయంతోనూ, విడిపోయి తమ పోటీలు తాము పెట్టుకొన్నారు. పందెపు పడవకు రెండు ప్రక్కల రెండు దోనెలుండి నడుమ సొరంగము వంటి ఖాళీ ఉండును. వేగం పెరిగిన కొద్దీ ఆ ఖాళీలో దూరిన గాలి పడవను పైకెత్తును. పడవ నీటిని దాదాపు విడిచి పరుగెత్తుటకు అదే కారణము. ముక్కు మరికొంచెం లేచినచో వెనక్కు పల్టీ కొట్టుటకు కూడ అదే కారణము. బలము పెరిగినది గాని నడిపేవాని చుట్టూ ఉన్న పలుచని చెక్క మారలేదు. 1984 సీజనులో పందేలలో ప్రాణాలు పోయినవి. ఆ తరువాతనే నడిపేవానిని గట్టి కవచపు గదిలో కూర్చుండబెట్టే పద్ధతి వ్యాపించినది, 1986తో ఆ పరిమితి లేని తరగతి ముగిసినది. కొలత తగవు కాగితం మీది తగవు కాదని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

ఈ పడవల మనుమలను మన తెలుగువారు కూడ చూచినారు. 2018 నవంబరు 16 నుండి 18 వరకు విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణానదిలో ఎఫ్-1 హెచ్-2-ఓ ప్రపంచ పోటీలలో ఒక అంకం జరిగినది. ఆ సంవత్సరం అమరావతి పేరు మీద ఒక జట్టు కూడ పాల్గొన్నది. గట్టున నిలిచిన జనానికి వినబడిన ఆ ఘోష రెండున్నర లీటర్ల వి-6 టూ స్ట్రోకు ఇంజనులది. పడవ పొడవు సుమారు ఆరు మీటర్లు, వేగం గంటకు 200 కిలోమీటర్లకు పైన. అందరికీ దాదాపు ఒకే ఇంజను. హుస్సేన్‌సాగర్ మీది లేజర్ పడవల న్యాయమే ఒక విధంగా అక్కడా చేరినది: తూచుట కష్టమైనప్పుడు అందరికీ ఒకే వస్తువు ఇచ్చుట.

పాత యంత్రములను ప్రాణం పోసి నడిపే వారికి ఆ సౌకర్యం లేదు. వింటేజి పందెం అంటే పుట్టిన కాలమును బట్టి ఏర్పడే కొలువు. ఆ కాలపు ఇంజను, ఆ కాలపు అమరిక. లోపల కొత్త కాలపు భాగాలు దొంగతనంగా పెట్టరాదు. పిస్టను ఇంజనులకు ఈ నియమము చక్కగా అమరును. రోటరీకి రెండు కష్టములు. మొదటిది, దాని సాటివారు లేరు. తయారైనవే చాల కొద్ది. రెండవది, అరిగే పట్టీలకు అసలు భాగములు దొరకవు. తయారుచేసిన కంపెనీ 2000 డిసెంబరులో దివాలా తీసినది. దాని పేర్లు కెనడాకు చెందిన బొంబార్డియర్ చేతికి పోయినవి. ఎవిన్‌రూడ్ ఇంజనుల తయారీ 2020లో ఆగిపోయినది. కొత్త లోహంతో పట్టీ చేయించుకొన్న యజమాని నియమము తప్పినాడా? తప్పకపోతే ఇంజను తిరగదు. ఇక్కడ నియమములు వ్రాసేవారు రెండు మాటలను విడదీయవలెను. అరిగే భాగమును కొత్త పదార్థంతో చేసుకొనుట యంత్రమును బ్రతికించుట. రంధ్రములు పెద్దవి చేసి బలము పెంచుట యంత్రమును మార్చుట. మొదటి దానికి అనుమతి, రెండవ దానికి నిషేధము. కొలతకు, సాటి టూ స్ట్రోకుల నడుమ ఒక రెట్టు. ఇంతకు మించి అవసరం లేదు. ఇది వ్రాయుటకు సగం పేజీ చాలును. అది వ్రాయనిచోట ఏ తరగతిలోనూ పేరు లేని ఇంజను పందెపు రోజున ఒంటరిగా రెండు చుట్లు తిరిగి, చప్పట్లు అందుకొని, మళ్ళీ గోనెపట్టాలో చుట్టుకొని ఇంటికి పోవలసినదే.

రోటరీ యంత్రం అంతరించిన జీవి అనుకొనరాదు. మన రక్షణ పరిశోధకులు మానవరహిత విమానమైన నిశాంత్ కొరకు 55 అశ్వశక్తి తరగతికి చెందిన వాంకెల్ ఇంజనును స్వదేశంలో రూపొందించినారు. 2009లో కోలారు వద్ద అది విమానాన్ని ఎగురవేసినది. 30 కిలోల లోపు బరువున అంత బలము, పైగా ఊగులాట లేకపోవుట అక్కడ దాని విలువ. ఆకాశంలో దానిని సి.సి. అడిగేవారు లేరు.

కళాశాల కమిటీ వారికి చిన్న విన్నపము. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఫోర్ స్ట్రోకు ఇంజను కోసిన నమూనాను చూపి పాఠము చెప్పుట పలు కళాశాలలలో ఉన్న అలవాటు. రోటరీ నమూనా కొనుటకు ధనము లేకపోయినా, దళసరి అట్టతో గది, రోటరు, రెండు పళ్ళచక్రములు కత్తిరించి గుండుసూదులతో అమర్చవచ్చును. లోపలి చక్రపు పళ్ళు, రోటరు పళ్ళు రెండుకు మూడు నిష్పత్తిలో ఉండవలెను. రోటరు ఒక మూల మీద సిరాతో చుక్క పెట్టి, ఆ చుక్క బయలుదేరిన చోటికి తిరిగి వచ్చేసరికి షాఫ్టు ఎన్నిసార్లు తిరిగినదో విద్యార్థులే లెక్క పెట్టుకొందురు గాక.